బాధ్యత అప్పగించిన సంఘాలు: తెలుగునాట యువజన సేవా చరిత్రలో కొన్ని ఘట్టాలు

ఇరవయ్యో శతాబ్దపు తొలి నాలుగు దశాబ్దాల్లో తెలుగు ప్రాంతాల్లో వెలసిన గ్రంథాలయాలు, రాత్రిబడులు, సంస్కరణ సమాజాల్లో ఎన్నో యువకుల చేతుల మీదుగా నడిచాయి. జీతం లేకుండా, ప్రభుత్వ ఉత్తర్వుతో పనిలేకుండా, సొంత ఊరి కోసమో, సొంత భాష కోసమో, తమ వారి మేలు కోసమో తీరిక వేళలను వెచ్చించిన వీరిని సేవకులనీ, కార్యకర్తలనీ, వాలంటీర్లనీ వ్యవహరించేవారు. వారిని ఆ పనిలోకి దించింది దేశభక్తి అని చెప్పి ఊరుకోవడం పరిపాటి. దేశభక్తి పాత్రను కాదనలేం. అయితే సభలో పుట్టిన ఆవేశం మర్నాటికి చల్లారిపోకుండా ఏళ్ల తరబడి నిలవాలంటే రోజూ చేయవలసిన పని ఒకటి ఉండాలి, ఆ పనికి పేరుపేరునా జవాబుదారులు ఉండాలి. ఆనాటి సంఘాల్లో నిలదొక్కుకున్నవి యువకులకు ఉపన్యాసాలు వినిపించడంతో సరిపెట్టుకోక, పని అప్పగించి, లెక్క అడిగి, తప్పులు దిద్దుకునే అవకాశం ఇచ్చాయి. తెలుగునాట స్వచ్ఛంద సేవ చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే గ్రంథాలయోద్యమం అందులో ప్రధాన అధ్యాయంగా కనిపిస్తుంది.

ఉద్యమానికి ముందున్న వాతావరణాన్ని అర్థం చేసుకోవడానికి 1907వ సంవత్సరం అనువైన మజిలీ. వంగ విభజనకు వ్యతిరేకంగా సాగుతున్న వందేమాతరం ఉద్యమాన్ని ప్రచారం చేస్తూ బిపిన్ చంద్రపాల్ ఆ ఏడాది ఏప్రిల్‌లో కోస్తా పట్టణాల్లో పర్యటించగా, రాజమహేంద్రవరంలో విద్యార్థులు వందేమాతరం బిళ్లలు ధరించి తరగతులకు వెళ్లారు. అక్కడి ట్రెయినింగ్ కళాశాల ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దీనిని క్రమశిక్షణారాహిత్యంగా పరిగణించి చర్యలు తీసుకున్నాడు. అలా కళాశాల నుంచి వెలివేతకు గురైనవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. ఆయన మరుసటి ఏడాది ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన సంపాదకీయానికి జైలుశిక్ష అనుభవించి, విడుదలయ్యాక తన శక్తిని ఎక్కువగా గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ, అంటే బడి వయసు దాటిన నిరక్షరాస్యులకు చదువు చెప్పే పనికీ మళ్లించారు. బిళ్ల పెట్టుకోవడం ఒక్క పూట ధిక్కారమైతే, ఊరిలో పుస్తకాల గది నడపడం దశాబ్దాల పని. ఒకే మనిషి జీవితంలో మొదటిది రెండవదానికి దారితీసిన తీరు ఆ తరం మొత్తానికి వర్తించే మార్పును సూచిస్తుంది.

గ్రంథాలయాలు అంతకుముందు లేకపోలేదు. విశాఖపట్నంలో 1886లోనే పౌర గ్రంథాలయం వెలిసింది. రాజమహేంద్రవరంలో యువకుడైన నాళం కృష్ణారావు 1898లో కందుకూరి వీరేశలింగం పేరిట నెలకొల్పిన పుస్తక భాండాగారం తర్వాతి కాలంలో గౌతమీ గ్రంథాలయంలో భాగమైంది. నిజాం రాజ్యంలో తొలి తెలుగు గ్రంథాలయమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావు ఇంట్లో ప్రారంభమైనప్పుడు దాని స్థాపనలో ప్రముఖ పాత్ర వహించిన కొమర్రాజు లక్ష్మణరావుకు 24 ఏళ్లు. ఈ సంస్థలకు కొంత జమీందారుల అండ, కొంత న్యాయవాదులూ వర్తకుల చందాలూ ఉన్నా, పుస్తకాలు సేకరించడం, జాబితా రాయడం, సాయంత్రం వేళ తలుపు తీయడం వంటి నిత్యకృత్యాలు మాత్రం చదువుకున్న కుర్రకారు మీదనే పడేవి. డబ్బు పెద్దలదీ శ్రమ పిన్నలదీ అన్న ఈ పంపకం తర్వాతి దశాబ్దాల్లోనూ కొనసాగింది.

ఎక్కడికక్కడ విడివిడిగా ఉన్న ఈ ప్రయత్నాలు 1914లో ఉద్యమరూపం దాల్చాయి. ఆ ఏడాది ఏప్రిల్ 10న విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దీనికి సూత్రధారి అయిన అయ్యంకి వెంకటరమణయ్యకు అప్పటికి పాతికేళ్లు నిండలేదు. 1911లో విజయవాడలో స్థాపితమైన రామమోహన ధర్మ పుస్తక భాండాగారంలో పనిచేస్తూ అనుభవం గడించిన ఆయన, ఊరికొక గ్రంథాలయం ఉండాలన్న ఆశయాన్ని ఊరూరా తిరిగి చెప్పే బాధ్యతను యువకుల మీద పెట్టారు. ఇందుకు ఎంచుకున్న మార్గాల్లో గ్రంథాలయ యాత్ర ముఖ్యమైనది. కార్యకర్తలు బృందంగా బయలుదేరి, గ్రామం నుంచి గ్రామానికి సాగుతూ, భజనలు, ఉపన్యాసాలు, గాజుపలకల మీది బొమ్మలను దీపపు వెలుగుతో తెరపై చూపించే మ్యాజిక్ లాంతరు ప్రదర్శనలతో జనాన్ని కూడగట్టి, ఉన్న గ్రంథాలయానికి సభ్యులను చేర్చడం, లేనిచోట కొత్తది పెట్టించడం ఈ యాత్రల ఉద్దేశం. తీర్థయాత్రకూ భజన బృందానికీ అలవాటుపడిన పల్లెకు ఈ రూపం కొత్తగా తోచలేదు. పాత ఆచారపు చట్రంలో కొత్త విషయం ఇమిడింది.

యాత్రకు వెళ్లివచ్చిన యువకుడికి అసలు పరీక్ష ఆ తర్వాత మొదలయ్యేది. గ్రామ గ్రంథాలయమంటే సాధారణంగా రచ్చబండ పక్క గదో, దాత ఇచ్చిన వసారానో, అందులో ఒక చెక్క అల్మారా, రెండు బల్లలు, ఒక లాంతరు. సాయంకాలం దీపం పెట్టే వేళకు తలుపు తీసి, వచ్చిన పత్రికలను బల్ల మీద పరిచి, పుస్తకం తీసుకున్నవారి పేరూ తేదీ రిజిస్టరులో రాసి, గడువు దాటినా తిరిగి ఇవ్వనివారి ఇంటికి వెళ్లి మొహమాటం లేకుండా అడిగి తెచ్చి, నెలాఖరున చందాలు వసూలు చేసి, పత్రికల వార్షిక చందా కట్టి, ఆ లెక్కను సభ్యుల ముందు చదివి వినిపించాలి. చదువు రానివారు అధికంగా ఉన్న ఊళ్లలో ఎవరో ఒకరు పత్రికను బిగ్గరగా చదివితే చుట్టూ చేరినవారు విని, ధరవరల గురించీ రాజకీయాల గురించీ ప్రశ్నలు వేసేవారు. ఈ పనుల్లో గొప్పగా కనిపించేది ఒక్కటీ లేదు. అయినా, అల్మారా తాళం చేతిలో ఉన్న కుర్రవాడు ఆ సాయంత్రం రాకపోతే ఊరికి పత్రిక అందదన్న స్పృహ అతనికీ ఊరికీ ఉండేది. సేవను ఊహాలోకం నుంచి నేలమీదికి దించింది ఆ స్పృహే.

ఈ క్రమానికి చక్కని ఉదాహరణ చీరాల సమీపంలోని వేటపాలెం. చేనేతకు పేరుపడిన ఆ ఊళ్లో 1918 అక్టోబర్ 15న ఊటుకూరి వెంకట సుబ్బయ్య శ్రేష్ఠి పూనికతో, స్థానిక హిందూ యువజన సంఘం ఆధ్వర్యంలో సారస్వత నికేతనం ఆరంభమైంది. గాంధీజీ చేతుల మీదుగా 1929లో భవన శంకుస్థాపన జరిగిన ఈ గ్రంథాలయం, కాలక్రమంలో అరుదైన పత్రికల పాత సంచికలకు నిలయమై, తెలుగు సాహిత్య, సామాజిక చరిత్రలపై పరిశోధన చేసేవారికి తప్పనిసరి గమ్యమైంది. పాత పత్రికలను తూకానికి అమ్మకుండా సంవత్సరాల వారీగా కుట్టించి, చెదల నుంచి కాపాడి, అడిగినవారికి తీసి ఇవ్వడం మూడు తరాల కార్యకర్తల ఓపిక వల్ల సాధ్యమైన పని. యువజన సంఘాలు చాలావాటికి ఆయుర్దాయం తక్కువ. సభ్యులు ఉద్యోగాలకు వెళ్లగానే అవి మూతపడతాయి. వేటపాలెంలో సంఘం చేపట్టిన పని సంఘాన్ని మించి బతికిందంటే, పుస్తకాలూ పత్రికలూ రిజిస్టర్లూ ఒకరి నుంచి ఒకరికి బదిలీ చేయదగిన ఆస్తి కావడం ప్రధాన కారణం.

గుంటూరు జిల్లా పెదపాలెంలో 1907లో జన్మించిన పాతూరి నాగభూషణం ఈ పద్ధతికి మరింత కట్టుదిట్టమైన రూపం ఇచ్చారు. స్వగ్రామంలో గ్రంథాలయం నడిపి, చుట్టుపక్కల ఊళ్లకు దాని శాఖలను విస్తరించిన ఆయన 1935లో కృష్ణా పశ్చిమ డెల్టాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువపై పడవ గ్రంథాలయాన్ని ప్రవేశపెట్టారు. రోడ్లు అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో డెల్టా గ్రామాలకు కాలువలే రహదారులు. గట్టు మీద నడిచే మనుషులు తాడుతో లాగగా మెల్లగా సాగే పడవలు, నీటిమట్టం మారే చోట్ల తలుపులు మూసి తెరిచే లాకుల దగ్గర ఆగి ఆగి పోవడం వల్ల ప్రయాణికులకు తీరిక దండిగా ఉండేది; ఆ తీరికను చదువుకు మళ్లించడంలోనే ఈ ఏర్పాటు సూక్ష్మం ఉంది. పడవలో పుస్తకాలు చూసుకునేవారు ఏవి ఎక్కినవో, ఏవి దిగినవో, ఏవి తడిసినవో చెప్పగలగాలి. ఉత్సాహం ఒక్కటే ఉంటే ఈ పని సాగదని గ్రహించిన నాగభూషణం గ్రంథాలయ సేవకులకు శిక్షణ తరగతులు నిర్వహించి, పుస్తకాల వర్గీకరణ, లెక్కల నిర్వహణ, వయోజనులకు చదువు చెప్పే విధానం వంటివి నేర్పించారు. స్వచ్ఛంద సేవకు కూడా శిక్షణ కావాలన్న ఆలోచన తెలుగునాట స్థిరపడడంలో ఈ తరగతుల పాత్ర గణనీయమైనది.

ఇదే కాలంలో జాతీయోద్యమం వేరొక రకం వాలంటీరును తయారుచేసింది. ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూర్చిన రామదండు అనే వాలంటీర్ల దళం 1921లో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశాల్లో జనసమూహాలను అదుపు చేసి ప్రశంసలు అందుకుంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చి పన్నులు పెంచడాన్ని నిరసిస్తూ ప్రజలు ఇళ్లు విడిచి, ఊరి వెలుపల వేసుకున్న రామనగరం పాకల్లో నెలల తరబడి గడిపిన సందర్భంలోనూ క్రమశిక్షణ నిలిపినది ఈ దండే. 13 వేలకు పైగా జనం పాకల్లో ఉన్నచోట కాపలాకూ పారిశుద్ధ్యానికీ తగవులు తీర్చడానికీ మనుషులు కావలసి వచ్చింది. అయితే నాయకుడు జైలుకు వెళ్లి, ఉద్యమం సద్దుమణిగాక దండు చెదిరిపోయింది. గ్రంథాలయ సేవకుడి పనికి రోజువారీ కొనసాగింపు ఉండగా, ఉద్యమ వాలంటీరు పని ఆ సందర్భంతోనే ముగిసేది. రెండూ సేవలే అయినా, సంస్థను నిలిపే గుణం మొదటిదానికి ఎక్కువ.

సందర్భంతో ముగియవలసిన పని కూడా మనిషిలో శాశ్వతమైన మార్పు తేగలదనడానికి 1923 డిసెంబర్ నాటి కాకినాడ కాంగ్రెస్ సాక్ష్యం. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షత వహించిన ఆ మహాసభల సందర్భంగానే ఎన్.ఎస్. హార్దీకర్ నాయకత్వంలో హిందుస్తానీ సేవాదళం రూపుదిద్దుకుంది. అనుబంధంగా ఏర్పాటైన ప్రదర్శన ద్వారం దగ్గర, టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపవద్దన్న ఆదేశంతో నిలబడిన 14 ఏళ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆపివేసింది. నిర్వాహకులు మందలించగా, తనకు చెప్పిన పనే తాను చేస్తున్నానని బదులిచ్చి, వారు టిక్కెట్టు కొని తెచ్చిన తర్వాతే దారి ఇచ్చింది. నెహ్రూ ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకున్నారు. ఈ ఘటనను బాలిక ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకోవడం రివాజు. ద్వారం దగ్గర నిర్ణయాధికారాన్ని ఒక బాలికకు అప్పగించిన సంఘం వివేకం కూడా ఇందులో ఉందన్న సంగతి మరుగున పడకూడదు. అంతకుముందే ఆమె తోటి ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల నడిపింది. 1937లో మద్రాసులో పిల్లల బృందంతో ఆమె మొదలుపెట్టిన చిన్న ప్రయత్నం ఆంధ్ర మహిళా సభగా ఎదిగి, విద్య, వైద్య రంగాల్లో పెద్ద సంస్థ అయింది.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. పాలనలోనూ ఉన్నత విద్యలోనూ ఉర్దూకే ప్రాధాన్యం ఉండడం, గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి కావడం వల్ల అక్కడ గ్రంథాలయం పెట్టడమే ఒక రాజకీయ చర్యగా మారింది. 1921 నవంబర్‌లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు అడ్డుతగలడంతో మనసు నొచ్చుకున్న కొందరు తెలుగువారు వెంటనే సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని నెలకొల్పారు. మాడపాటి హనుమంతరావు కార్యదక్షతతో విస్తరించిన ఈ సంఘం గ్రంథాలయాలు, పఠనమందిరాలు, పాఠశాలలు స్థాపించడాన్ని తన కార్యక్రమంగా పెట్టుకుని, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు పునాది వేసింది. నల్లగొండ జిల్లాలో పుట్టి, వంటపనీ హోటలు పనీ చేసి పొట్టపోసుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో, 23 ఏళ్లకే, దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించి, అచ్చయిన పుస్తకాలను స్వయంగా మోసుకుపోయి ఊళ్లలో అమ్మారు. సభకు అనుమతి దొరకని చోట పుస్తకమే సభ అయింది. దాన్ని చేరవేసే యువకుడు కార్యకర్త అయ్యాడు.

ఈ చరిత్రలో గుర్తించవలసిన పరిమితి కూడా ఉంది. గ్రంథాలయ కార్యకర్తల్లో అధికులు అప్పటికే అక్షరం అందిన కుటుంబాల నుంచి వచ్చినవారు. ఊరి నడుమ ఉన్న గదిలోకి అడుగుపెట్టే హక్కు అందరికీ సమానంగా లేని రోజులవి. ఊరు పిలిచేదాకా ఆగకుండా అణగారిన కులాల యువకులు సొంత సంఘాలను కట్టుకున్నారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 18 ఏళ్ల వయసులో, 1906లో, జగన్మిత్ర మండలిని స్థాపించి, పల్లెజనానికి పరిచితమైన హరికథల ద్వారా సంస్కరణ భావాలను ప్రచారం చేశారు. 1911లో మన్యసంఘంగా రూపుమార్చుకున్న ఆ సంస్థ మద్యపానం, ఆడపిల్లలను దేవతకు అంకితం చేసే జోగినీ ఆచారం వంటివాటిని ఎదిరించి, పిల్లలకు బడులు పెట్టింది. 1917లో విజయవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ, అణగారిన కులాలకు వాడే ‘పంచమ’ అనే మాటకు బదులుగా ఆదిఆంధ్ర నామాన్ని స్వీకరించింది. ఇక్కడ సేవ అంటే ఉన్నవారు లేనివారికి చేసే ఉపకారం కాదు, తమ బతుకును తామే మార్చుకునే సమష్టి శ్రమ. స్వచ్ఛంద సేవ గురించిన ఏ చర్చా ఈ రెండవ అర్థాన్ని విడిచిపెట్టి సాగడానికి వీల్లేదు.

స్వాతంత్ర్యానంతరం గ్రంథాలయోద్యమం కోరుకున్న ఫలితం చట్టరూపంలో దక్కింది. ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, రెండు ప్రాంతాలు కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఆస్తిపన్నుపై గ్రంథాలయ సెస్సు, అంటే ఆ ప్రయోజనానికే కేటాయించిన అదనపు సుంకం, వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఆ సెస్సు కాలక్రమంలో రూపాయికి 8 పైసలకు చేరింది. చందాల కోసం గడప గడపా తిరిగే అవస్థ తప్పింది, జీతంపై పనిచేసే శిక్షితుడైన గ్రంథపాలకుడు వచ్చాడు. ఇది ఉద్యమ విజయమే. అయితే తాళం ఉద్యోగి చేతికి వెళ్లాక ఊరి యువకుడికి గ్రంథాలయంలో పాఠకుడి స్థానం తప్ప వేరే స్థానం మిగలలేదు. సెస్సు సక్రమంగా అందని కాలాల్లో, ఉద్యోగ ఖాళీలు భర్తీ కాని చోట్ల, గ్రంథాలయం మూతపడినా అది తమ బాధ్యత అని ఊరు అనుకోకపోవడానికి మూలం ఇక్కడ ఉంది.

ఉద్యమాలు అందించిన స్థానాన్ని విద్యావ్యవస్థ ద్వారా భర్తీ చేయాలన్న ఆలోచన కేంద్ర ప్రభుత్వానికి 1950ల దశాబ్దంలోనే కలిగింది. దుర్గాబాయి భర్త సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1959లో ఏర్పడిన సంఘం, కళాశాలల్లో చేరబోయే విద్యార్థులకు జాతీయ సేవను నిర్బంధం చేయాలని సూచించింది. ఇతర దేశాల అనుభవాన్ని పరిశీలించిన కె.జి. సైయిదైన్ మాత్రం దాన్ని స్వచ్ఛందంగానే ఉంచాలని అభిప్రాయపడ్డారు. సుదీర్ఘ చర్చ తర్వాత 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో, 40 వేల మంది విద్యార్థులతో ప్రారంభమైన జాతీయ సేవా పథకం, వాడుకలో ఎన్.ఎస్.ఎస్., స్వచ్ఛంద పద్ధతినే ఎంచుకుంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ప్రత్యేక శిబిరం దీని ముఖ్యాంశాలు. గంటలు లెక్కించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి లక్షల మందిని సేవకు పరిచయం చేసింది. అయితే శిబిరం ముగిశాక విద్యార్థి ఆ గ్రామంలో దేనికీ జవాబుదారీ కాకపోతే, నాటిన మొక్కకు నీళ్లు పోసే వంతు ఎవరిదో తేలదు.

యువతరానికి సేవాభావం తగ్గిందన్న ఫిర్యాదు ప్రతి తరంలోనూ వినిపిస్తుంది. పైన చూసిన చరిత్ర ఆ ఫిర్యాదును సంఘాల వైపు తిప్పి అడగమంటుంది. తొలి తరం సంఘాలు పాతికేళ్లు నిండనివారిని కార్యదర్శులుగా నియమించాయి, డబ్బు లెక్కలు వారి చేతికిచ్చాయి, పొరపాటు జరిగితే సభలో నిలదీశాయి, వారు వెళ్లిపోయేనాటికి పని అందుకునే మరొకరిని సిద్ధం చేశాయి. కుర్చీలు వేయడానికీ జెండాలు కట్టడానికీ మాత్రమే యువకులను పిలిచి, నిర్ణయాలను పెద్దల గదిలోనే ఉంచుకునే సంఘానికి రెండవ ఏడాది వాలంటీర్లు దొరకకపోవడంలో వింత ఏమీ లేదు. నిర్ణయంలో వాటా, పనికి తగిన శిక్షణ, లెక్కకు జవాబు, తర్వాతివారికి అప్పగింత అనే నాలుగు అంశాలు సమకూరిన చోట గ్రంథాలయమైనా, రక్తదాన సంఘమైనా, చెరువు పరిరక్షణ సమితి అయినా యువకులను ఆకర్షించగలదు. వారిని ప్రోత్సహించడానికి చేసే ప్రచారం ఈ ఏర్పాట్లకు తోడు కావాలే తప్ప వాటి స్థానాన్ని తీసుకోలేదు.